పరాయివాళ్ళు లేని ఊళ్ళో ఇల్లు

తటవర్తి నాగభూషణం బెజవాడలో మ్యాచింగ్ సెంటర్ నడుపుతాడు. చీరకు జాకెట్టు గుడ్డ, జాకెట్టుకు లైనింగు, లైనింగుకు దారం, అదీ వ్యాపారం. చూడటానికి చిన్నదే గాని మనిషికి ఒక గట్టి అలవాటు నేర్పుతుంది. ట్యూబులైటు కింద కలిసిన రంగును నమ్మకూడదు. గుడ్డ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో పెట్టి చూసుకోవాలి. పెళ్ళిచూపులనాడు భూషణం ఏదో వంక పెట్టి హైమను వరండాలోకి రప్పించాడని అతని బావమరుదులు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. భూషణం కాదనడు. కొనేవాడు చూసుకోవాలి గదా అంటాడు.

అలాంటి మనిషి ఇల్లు కొనడానికి బయల్దేరాడు.

ఇంటి విషయంలో అతని లెక్క తేలిక. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి, ఎండాకాలమొస్తే నీళ్ళు ఎటునుంచి వస్తాయి. ఈ రెండూ తేలితే ఇల్లు తేలినట్టే. మిగతాదంతా సున్నం, రంగు. హైమ లెక్క వేరు.

“గోడలు మీ ఇష్టమండీ, ఎలాంటివైనా కొనండి. నాకు మాత్రం ఇరుగుపొరుగు కొనిపెట్టండి,” అంది.

కారణముంది. కిందటి వేసవిలో, భూషణం కొట్లో ఉన్న సమయంలో, పాప కుందనకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. హైమ పిల్లను భుజాన వేసుకుని ఆ అంతస్తులో ఉన్న ఫ్లాట్లన్నిటి బెల్లులూ కొట్టింది. తలుపులకుండే అద్దపు కన్నాలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. అంటే అవతల ఒక కన్ను వచ్చి ఆనుకుందన్నమాట. తలుపు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. చివరికి గ్యాసు సిలిండరు తెచ్చినతను దాన్ని మెట్ల మీదే వదిలేసి, పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. పాపకు నయమైంది. హైమకు నయం కాలేదు.

భూషణానికి ఇది కొత్త సరుకు. ఇరుగుపొరుగును ఏ కొట్లోనూ తాను కొన్నది లేదు, అమ్మినది లేదు. నాణ్యం ఎలా చూడాలో తెలియదు. తెలిసిన ఇళ్ళ బ్రోకరు ఏడుకొండల్ని అడిగాడు.

“మంచి మనుషులున్న ఊరా?” అని ఏడుకొండలు బుగ్గన వేలేసుకున్నాడు. “అయితే పెదమల్లవరం పోవాలి సార్. అక్కడ మంచితనం రూలు.”

*

పెదమల్లవరం బెజవాడకు బస్సు దూరంలో ఉంది. ఊరి మొదట్లో పెద్ద స్వాగతతోరణం. దాని మీద “ఆత్మీయ పురపాలక సంఘం, పెదమల్లవరం. ఇక్కడ పరాయివాళ్ళు లేరు” అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాలతో “అతిక్రమించినవారు శిక్షార్హులు” అని కూడా ఉంది. హైమ పెద్ద అక్షరాలు చదివింది. భూషణం చిన్నవి చదివాడు.

బస్సు దిగగానే ఆటో అతను ఎదురొచ్చాడు.

“రండి బావగారూ, ఎక్కండి. చెల్లెమ్మా, పాపని లోపలేపు కూచోబెట్టు, గాలి కొడతది.”

హైమ మొహం విచ్చుకుంది. భూషణం మాత్రం ఊరికే వచ్చిన చుట్టరికాన్ని ఊరికే తీసుకోలేకపోయాడు. “నేను మీకు బావనెట్టా అయ్యానండీ?” అన్నాడు.

“చూసిపోయేవాళ్ళకి తాత్కాలిక వరసండీ. మగాళ్ళు బావలు, ఆడాళ్ళు చెల్లెళ్ళు. పొద్దుగూకేదాకా చెల్లుద్ది. ఇక్కడే ఉండిపోతే ఆఫీసోళ్ళు పర్మనెంటుది రాసిస్తారు.”

“పేరు పెట్టి పిలుచుకుంటే పోలా?”

ఆటో అతను గబుక్కున వెనక్కి చూశాడు. “మెల్లిగా బావగారూ. పోయిన నెల్లో కిళ్ళీకొట్టాయన సొంత పెళ్ళాన్ని పేరుతో పిలిచాడని కొట్టు మూయించారు.”

దారిలో ఏడుకొండలు వివరంగా చెప్పాడు. పట్నాల్లో మనుషులు దూరమైపోతున్నారని బాధపడి ఇక్కడి పాలకమండలి ఒక ఆలోచన చేసిందట. మనవాళ్ళు ఎక్కడ కలిసినా బాబాయనో పిన్ననో వరస కలుపుకుంటారు గదా. ఆ కలపటమేదో మునిసిపాలిటీయే కలిపేస్తే పద్ధతిగా ఉంటుందని వరసల విభాగం పెట్టారు. ఊళ్ళో ఉన్న ప్రతివాడికీ ప్రతివాడితో ఒక వరస. అది తెలిపే ధ్రువపత్రం లేనిదే ఇల్లు రిజిస్టరు కాదు, కుళాయి రాదు, కరెంటు మీటరు తిరగదు.

ఇల్లు చూశారు. ఇల్లు బాగుంది. వాననీళ్ళు పోయే దారుంది. కుళాయిలో నీళ్ళ ధార చేతిని కిందికి నెట్టేలా ఉంది.

“ఇంత మంచి ఇల్లు ఎందుకమ్ముకుంటున్నారు?” అన్నాడు భూషణం.

“వాళ్ళకి చుట్టాలెక్కువైపోయారు సార్,” అన్నాడు ఏడుకొండలు.

పెరట్లోంచి హైమ సంబరంగా కేకేసింది. “ఏమండీ! ఇటు రండి, ఇక్కడ కరివేపాకు మొక్క కూడా ఉంది.”

అంతే, వీధిలోంచి ఖాకీ చీర కట్టుకున్న ఒకావిడ లోపలికి వచ్చింది. ఆత్మీయతా తనిఖీ అధికారిణి అని చీరకు గుచ్చుకున్న బిళ్ళ మీద రాసి ఉంది. “చెల్లెమ్మా, నువ్విప్పుడు వాడిన మాటలో వరస లేదు. ‘ఏమండీ’ అని దారిన పోయేవాణ్ణి కూడా పిలవొచ్చు. అది పరాయి మాట. కొత్తదానివి గనక వదిలేస్తున్నా,” అంది.

“మరి మా ఆయన్ని ఏమని పిలవాలండీ?”

“అండీ కూడా వద్దమ్మా. ఆయన నీకేమవుతాడో విభాగం వాళ్ళు చెబుతారు. అప్పుడు పిలువు.”

ఆవిడ వెళ్ళాక భూషణానికి గుడ్డను ఎండలో పెట్టి చూడాలనిపించింది. పక్కింట్లో మంచినీళ్ళు అడిగి రమ్మని హైమను పంపి, తాను గోడ పక్కన నిలబడ్డాడు. హైమ తలుపు తట్టింది.

“ఎవరూ?” లోపల్నుంచి ఆడ గొంతు.

“పక్కిల్లు చూట్టానికొచ్చామండీ. పాపకి దాహమేస్తోంది.”

“నాకేమవుతారు?”

“ఇంకా ఏమీ అవలేదండీ.”

ఆ గొంతు తలుపుకు బాగా దగ్గరగా వచ్చింది. “తాత్కాలిక వరస ఆటోలకీ కొట్లకేనమ్మా. ఇళ్ళకి చెల్లదు. ఆఫీసుకి పోయి వరస రాయించుకు రా తల్లీ, బిందెడు నీళ్ళిస్తా. అయ్యో, తల్లీ అనేశాను! ఎవరితోనూ అనకేం?”

భూషణం తల అడ్డంగా ఊపాడు. హైమ మాత్రం ఆ మూసిన తలుపును చూసి నవ్వింది. “ఇవ్వనని అన్లేదు చూశారా? పాపం కాగితం లేక ఆగిపోయింది. పదండి, ఆ కాగితమేదో తెచ్చుకుందాం.”

*

వరసల అధికారి లక్కరాజు సుందరరామారావు బల్లకు అవతల ఇనుపబీరువాలా కూచున్నాడు. భార్యాభర్తలిద్దరి చేతా వేరువేరుగా దరఖాస్తు రాయించుకున్నాడు. స్త్రీని భర్త ఖాతాలో కలిపేయడం మహిళా సాధికారతకు విరుద్ధమని చెప్పాడు. ఆ మాట హైమకు నచ్చింది.

కాసేపు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు సవరించుకుని, రెండు ధ్రువపత్రాలు బల్ల మీద పెట్టాడు.

“శుభాకాంక్షలు. గౌరవనీయ ఛైర్మన్ గారి జన్మదినాన్ని పురస్కరించుకుని పాలకమండలి చేసిన ఏకగ్రీవ తీర్మానం ప్రకారం, ఈ పురపాలక పరిధిలోని సమస్త ప్రజానీకానికీ ఛైర్మన్ గారు అన్నయ్య అవుతారు. తదనుసారం నాగభూషణం గారు ఛైర్మన్ గారికి తమ్ముడు. హైమవతి గారు ఛైర్మన్ గారికి చెల్లెలు.”

“సంతోషం,” అన్నాడు భూషణం. ఆ తర్వాత అతనిలోని వ్యాపారి ఒకసారి కూడి చూసుకున్నాడు. “సార్, నేను ఆయనకి తమ్ముణ్ణి, ఈవిడ ఆయనకి చెల్లెలూ అయితే, మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం ఏమవుతాం?”

“ఆ ప్రశ్న ఉత్పన్నమవుతుంది,” అని సుందరరామారావు ఒప్పుకున్నాడు. “ప్రస్తావిత దంపతులు పరస్పరం అన్నాచెల్లెళ్ళవుతారు.”

“అయ్యో!” అంది హైమ.

“కంగారు పడకమ్మా. ఒకే ఇంట్లో నివసించడానికి విభాగానికి ఏ అభ్యంతరమూ లేదు. అన్నాచెల్లెళ్ళు ఒకే కప్పు కింద ఉండటం మన సంప్రదాయమే. అయితే భార్యాభర్తలుగా నివసించడానికి మాత్రం నియమావళి అనుమతించదు.”

భూషణం పాపను ముందుకు లాగాడు. “ఇదిగో, దీని సంగతేమిటి?”

అధికారి పాపను పరిశీలనార్థం కాసేపు చూశాడు. “చెల్లెలి కూతురు గనక తమరికి మేనకోడలవుతుంది. మేనమామగా తమ బాధ్యతలు తెలిపే కరపత్రం బయట దొరుకుతుంది.”

హైమ పాపను వెనక్కి లాక్కుంది. భూషణం గొంతు తగ్గించాడు. బేరం మొదలుపెట్టేటప్పుడు అతని గొంతు తగ్గుతుంది. “సార్, ఈ లెక్కన ఈ ఊళ్ళో మొగుడూ పెళ్ళాలందరూ…”

సుందరరామారావు లేచి కిటికీ రెక్కలు మూసి వచ్చాడు. “మెల్లిగా తమ్ముడుగారూ! పాతవాళ్ళకి పాత వరసలున్నాయి గనక ఇంకా ఎవరూ కూడి చూసుకోలేదు. నేను చూశాను. ఆ తీర్మానం వచ్చిననాటినుంచి మా ఇంట్లో నేను హాల్లో పడుకుంటున్నాను. బాధ్యత గల ఉద్యోగిని. అమలు చేసేవాడే అతిక్రమిస్తే ఎలా?”

“అమ్మగారేమంటున్నారు?”

“నా పడకతో పాటు ఫ్యాను కూడా హాల్లోకి మార్చింది. ఇంకేమీ అనలేదు.”

భూషణం జాలిగా చూశాడు. “దీనికి విరుగుడు చిన్నదే గదా సార్. నన్ను ఛైర్మన్ గారికి బావని చెయ్యండి. చెల్లెలి మొగుడు బావేగా. ఆటో అతనికి తెలిసిన లెక్క ఇది.”

“అంత తేలిక కాదు. మార్చితే సమానత్వ సూత్రం ప్రకారం ఊళ్ళో మగవాళ్ళందరినీ బావలుగా మార్చాలి. అప్పుడు సొంత అన్నాచెల్లెళ్ళున్నారనుకోండి, అతను బావ, ఆమె చెల్లెలు. వాళ్ళిద్దరూ వరసైనవాళ్ళవుతారు. ఆ ఇంటివాళ్ళ మొహం చూడగలమా? పైగా ఇంకొక తీవ్రమైన పర్యవసానం ఉంది.” అధికారి గొంతు ఇంకా దిగింది. “బావకు బావమరిదిని ఎగతాళి చేసే హక్కు సంక్రమిస్తుంది. గౌరవనీయ ఛైర్మన్ గారిని ఎగతాళి చేసే హక్కు ప్రస్తుతం ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. అటువంటి హక్కును మంజూరు చేసే అధికారం నా స్థాయిలో లేదు.”

*

ఛైర్మన్ ధర్మారావు తన ఇంటి హాల్లో సోఫా మీద ఉన్నాడు. గోడ మీద ఆయన ఫొటో చేతులు జోడించి ఉంది, ఆయన జోడించలేదు. సుందరరామారావు విషయం విన్నవించాడు.

“బావా?” అన్నాడు ధర్మారావు. “చూడు తమ్ముడూ. నాకు నిజం బావలు ముగ్గురున్నారు. సొంత ఇంట్లో ఒక్కరోజు ప్రశాంతంగా అన్నం తిననివ్వరు. నా నడకని వెక్కిరిస్తారు, నా విగ్గుని వెక్కిరిస్తారు. ఇంక ఊరంతా బావలైతే నేను మైకు ముందు నిలబడగలనా?”

“పోనీ నేను తమ్ముడిగానే ఉంటానండీ,” అన్నాడు భూషణం. “మా ఆవిణ్ణి మరదలిగా రాసుకోండి. తమ్ముడి భార్య మరదలేగా.”

ధర్మారావు మొహం కాస్త ప్రసన్నమైంది. అదేదో బాగానే ఉన్నట్టు హైమ వైపు తిరగబోయాడు. లోపలి గదిలోంచి ఒక గొంతు వచ్చింది. “ఎవరండీ అక్కడ మరదళ్ళు?”

“ఎవరూ లేరు, ఎవరూ లేరు,” అని ధర్మారావు గబగబా అని, “ఆ ప్రతిపాదన తిరస్కరించడమైంది,” అని సుందరరామారావుతో అన్నాడు.

పని అయిపోయిందన్నట్టు ఛైర్మన్ లేవబోతుంటే అధికారి చేతులు నలుపుకున్నాడు. “అన్నయ్యగారూ, ఇంకొక మనవి. రాష్ట్రస్థాయి ఆత్మీయ పట్టణాల పోటీకి పరిశీలక బృందం వస్తోంది. సగం మార్కులు ‘పరాయివారి పట్ల ఆదరణ’ అనే అంశానికే ఉన్నాయి.”

“మంచిదే గదా. మనకి పరాయివాళ్ళే లేరు. పూర్తి మార్కులు వేస్తారు.”

“లేనివారిని ఆదరించినట్టు నిరూపించే విధానం మార్గదర్శకాల్లో లేదు అన్నయ్యగారూ. నిరుడు ఈ అంశంలోనే సున్నా వచ్చింది.”

“బస్టాండులోంచి ఎవణ్ణైనా పట్టుకురమ్మన్నానుగా?”

“తెచ్చాం. ఆఫీసుకు చేరేలోపే దారిలో ఒకరు బాబాయని, ఒకరు పెదనాన్నని, ఒకరు అల్లుడని పిలిచేశారు. పాడైపోయాడు.”

ఇక్కడ భూషణం చెవులు నిక్కాయి. ఊరంతా వెతికినా దొరకని సరుకు. కొనేవాడికి అత్యవసరం. కొట్లో అలాంటి రంగు గుడ్డ ఒక్క తానే మిగిలి ఉంటే ఏం చేసేవాడో ఇప్పుడూ అదే చేశాడు. తొందరపడకుండా కూచున్న కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు.

“పరాయివాళ్ళు కావాలా అండీ? మా దగ్గరున్నారు,” అన్నాడు.

“ఎక్కడ?”

“మేమే. ఇంకా ధ్రువపత్రాల మీద సంతకం పడలేదు. మొత్తం కుటుంబం, ఎవరూ ముట్టుకోనిది. మొగుడూ పెళ్ళాం పిల్ల, మేం మాకు మేం ఏమవుతామో అట్లాగే వదిలెయ్యండి. మీకు మాత్రం ఏమీ కామని రాసివ్వండి. బృందం వచ్చినప్పుడల్లా మమ్మల్ని చూపించుకోండి. ఆ ఇల్లు మా పేర రిజిస్టరు కానివ్వండి.”

హైమ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఛైర్మన్ ముందని కూడా చూడలేదు. “పరాయివాళ్ళుగానా? అందుకా ఇంత దూరం వచ్చింది? మనల్ని చూసి తలుపులేసుకునే చోటే కావాలంటే బెజవాడలో ఉన్నాంగా!”

ఆ ఇంటి పక్కన మూసిన తలుపు వెనక నుంచి వచ్చిన గొంతు భూషణం చెవిలో ఇంకా ఉంది. ఆ తలుపుకు అడ్డం వరస లేకపోవడం కాదేమో, వరస ఉండటమే అడ్డమేమో అని ఒక అంచనా. అంచనా మాత్రమే. ఎండలో పెట్టి చూసే వీలు లేదు. జీవితంలో మొదటిసారి సరుకు చూడకుండా బేరం ఖాయం చేస్తున్నాడు.

“నన్నొక్కసారి నమ్ము హైమా,” అన్నాడు. ఆమె చెయ్యి వదిలేసింది. అది నమ్మడమో కోపమో అతనికి తెలియలేదు.

ధర్మారావుకు బేరం నచ్చింది, కాని ఆయన కూడా తక్కువవాడు కాదు. “మధ్యలో ఎవరితోనన్నా చుట్టరికం కలుపుకుంటే?” అన్నాడు.

“కలుపుకోం.”

“పిల్లలు?”

“వాళ్ళూ కలుపుకోరు.”

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. “తటవర్తి నాగభూషణం, అతని భార్య, కుమార్తె, ఇకపై కలగబోయే సంతానంతో సహా, ఈ పురపాలక పరిధిలో ఎవరికీ ఏమీ కారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. వారిని తగురీతిన ఆదరించవలసినదిగా ప్రజలను ఆదేశించడమైనది. ఈ ఆదరణ పరిశీలక బృందం ఉన్నంతవరకు అమలులో ఉండును.”

*

బృందం వచ్చినరోజు, వాళ్ళు కొత్తగా కాపురం దిగిన ఆ ఇంటి ముందు ఊరు ఊరంతా వరసలో నిలబడింది. పూర్ణాలు, పులిహోర, పూలదండలు. కుందనను ఎవరెవరో ఎత్తుకుని, ఫొటో తీయగానే దింపేశారు. సుందరరామారావు పక్కన నిలబడి “తరువాతి వారు ఆదరించవచ్చు” అని పిలుస్తుంటే ఒక్కొక్కరే వచ్చి ఆదరించి వెళ్ళారు. బృంద నాయకుడు హైమను, “ఇక్కడ మీకు ఎలా ఉందమ్మా?” అని అడిగాడు. హైమ నోరు తెరిచేలోపు ధర్మారావే, “కళ్ళు చూడండి సార్, ఆనందబాష్పాలు,” అన్నాడు. కళ్ళలో నీళ్ళున్న మాట నిజమే.

పెదమల్లవరానికి మొదటి బహుమతి వచ్చింది. బృందం కారెక్కగానే ఆదరణ గడువు తీరింది. మిగిలిన పులిహోర గిన్నె కూడా ఎవరో వెనక్కి పట్టుకుపోయారు.

తర్వాత ఆ ఇంటివైపు ఎవరూ రాలేదు. భూషణం పొద్దున్నే బస్సెక్కి కొట్టుకు వెళ్ళేవాడు. హైమ ఇంట్లో నేలంతా తుడిచిందే తుడిచేది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు మాట్లాడేవి, ఆమె మాట్లాడేది కాదు. కొట్లో ఒకావిడ చిలకాకుపచ్చ అడిగితే భూషణం నాచురంగు తీసి ఇచ్చాడు. ట్యూబులైటు కింద కూడా కలవని రంగు. అంతవరకు వచ్చింది పరిస్థితి.

ఒకనాటి మధ్యాహ్నం హైమ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి ఎవరో “ఇదిగో” అన్నారు. తలుపు వెనక నుంచి విన్న గొంతే. ఈసారి గొంతుతో పాటు మనిషి కూడా కనిపించింది. యాభై దాటిన ఆవిడ, చేతిలో మజ్జిగ చెంబు.

“నువ్వు నాకేమీ కావు గదా?” అంది ముందుగా.

“ఏమీ కానండీ. గవర్నమెంటు ఆర్డరు కూడా ఉంది,” అంది హైమ ముభావంగా.

“నిజంగా ఏమీ కావు?”

“ఒట్టు.”

“అబ్బ!” అని ఆవిడ పెరటి తలుపు తోసుకుని వచ్చి రుబ్బురోలు మీద కూలబడింది. “అయితే కాసేపు కూచుంటా. ఈ వీధినిండా నాకు మునిసిపాలిటీ ఇచ్చిన ఆడపడుచులూ అత్తలూనే. ఒకరింట్లో కూచుంటే ఇంకొకరికి కోపం. వదిన వరసైనామెకి ముందు చెప్పకుండా నాకు తలనొప్పి కూడా రాకూడదు. నువ్వైతే ఏమీ కావు. ఏమన్నా చెప్పుకోవచ్చు. తాగు, తాగు, ఎండన పడి బట్టలారేస్తన్నావ్.”

హైమ మజ్జిగ తాగింది. చెంబు దించి, “మిమ్మల్ని ఏమని పిలవనండీ? వరస పెట్టి పిలవకూడదు గదా,” అంది.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. “రత్నమాల,” అంది చివరికి. తన పేరు తానే కొత్తగా విన్నట్టు ఇంకోసారి పలికింది. “రత్నమాల అను. గారు పెట్టినా సరే, పెట్టకపోయినా సరే.”

ఆ రాత్రి గిన్నెలు మాట్లాడలేదు. హైమ మాట్లాడింది. రత్నమాలగారి తలనొప్పి గురించి, ఆమె మొదటి కాన్పు గురించి, మజ్జిగలో ఆవిడ వేసిన అల్లం గురించి నిద్రపోయేదాకా చెబుతూనే ఉంది. భూషణం “ఊఁ” కొడుతూ, తన అంచనా లాభానికే వచ్చిందని లోలోపల రాసుకున్నాడు. పైకి అనలేదు.

రత్నమాల వెనక ఇంకొకామె వచ్చింది. ఆమె వెనక ఆటో అతను వచ్చాడు. సాయంత్రాలు ఆ వరండా నిండిపోసాగింది. వచ్చినవాళ్ళు ఒకరికొకరు మేనత్తలూ వియ్యంకులే గాని ఆ గుమ్మం లోపల మాత్రం రత్నమాల, ఇస్మాయిలు, కాంతం. కిళ్ళీకొట్టాయన భార్యను తీసుకొచ్చి, అందరి ముందూ “జానకీ” అని పిలిచి, పని అయినట్టు లేచి వెళ్ళిపోయాడు. ఎవరికన్నా జ్వరమొస్తే, కడుపునొప్పి వస్తే, వరసల ప్రకారం ముందు ఎవరికి చెప్పాలో తేల్చుకోలేక తిన్నగా ఇక్కడికే వచ్చేవాళ్ళు. తెరుచుకునే తలుపున్న ఊరు కావాలని వచ్చిన హైమకు, ఊరంతటికీ తెరుచుకునే తలుపు తనదే అయింది. చాకిరీ పెరిగింది. కాఫీపొడి భూషణం లెక్కకు అందడం మానేసింది. అయినా హైమ కాఫీ పలచన చెయ్యనివ్వలేదు.

ఇది పాలకమండలి దృష్టికి వెళ్ళకుండా ఉంటుందా? ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, వరండాలో ఎవరూ లేని వేళ చూసి, సుందరరామారావు చంకలో ఫైలుతో వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. గుమ్మం బయటే నిలబడి కాగితం తీసి చదివాడు.

“సదరు గృహమునందు పురజనులు గుమిగూడి, వరసలు విస్మరించి, పేర్లతో సంభాషించుకొనుచున్నట్లు విభాగం దృష్టికి వచ్చినందున, తలుపులు మూసి ఉంచవలసిందిగా మిమ్మల్ని ఇందుమూలముగా…” ఇక్కడ ఆయన ఆగి నుదుటి చెమట తుడుచుకున్నాడు. “కాస్త మంచినీళ్ళు దొరుకుతాయా?”

“లోపలికి రండి,” అంది హైమ. “ఎండన నిలబడి చదువుతారేం?”

ఆయన రాలేదు. ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. “నేను విధి నిర్వహణలో ఉన్నాను.”

“ఉండండి, ఎవరొద్దన్నారు? కూచుని ఉండండి,” అన్నాడు భూషణం కుర్చీ జరుపుతూ.

సుందరరామారావు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. చెప్పులు విడిచి, గడప దాటి, కుర్చీ అంచున కూచున్నాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇంటికెళ్ళాలంటే భయమేస్తోందండీ,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “ఆవిడ ఇప్పుడు నన్ను నిజంగానే అన్నయ్యా అంటోంది. కోపంతో కాదు. అలవాటైపోయి.”

“ఇంతకీ మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అంది హైమ.

“వరసల అధికారి… కాదు. లక్కరాజు సుందర…” ఆయన ఆగిపోయాడు. ఆ పేరు కూడా ఆఫీసులో వేలాడే బోర్డుదే. ఇనుపబీరువా లాంటి మనిషి నేల చూపులు చూస్తూ, వినపడీ వినపడకుండా అన్నాడు. “మా అమ్మ బుజ్జీ అనేదండీ.”

భూషణానికి నవ్వు పొంగుకొచ్చింది. హైమ చూసిన చూపుకు అది గొంతులోనే ఆగిపోయింది. ఆమె లోపలికి తిరిగి కేకేసింది.

“కుందనా! బుజ్జిగారికి మంచినీళ్ళు పట్రామ్మా. కుండలోవి.”